పాడుతోందన్నాడు ఔలిస్

"పాడుతోంది," అన్నాడు ఔలిస్ తిర్కోనెన్, టోపీ తీసి చేతిలో పట్టుకుని.

అతని పాల ట్యాంకరు నా షెడ్డు ముందు ఆగి ఉంది. ఇంజిన్ నడుస్తూనే ఉంది. చెవి రిక్కించి విన్నాను. పాటా లేదు, పద్యమూ లేదు. కడుపు నిండిన ఆవు నెమరేస్తున్నట్టు ఒకే తీరున హాయిగా నడుస్తోంది.

"ఎక్కడ పాడుతోంది?" అన్నాను.

"ఇక్కడ పాడట్లేదు."

"అది నాకూ వినబడుతోంది. మరి ఎక్కడ పాడుతుంది?"

"అక్కడక్కడా."

"ఎప్పుడు?"

ఔలిస్ టోపీని చేతిలో ఒక చుట్టు తిప్పాడు. "పాడాలనిపించినప్పుడు," అన్నాడు.

ఇదీ ఈ సవో సీమ మనిషి వరస. నేను పుట్టింది పడమటి మైదానంలో. మావాళ్లు అవునంటే అవును, కాదంటే కాదు, మధ్యలో ఇంకో మాట ఉండదు. ఇక్కడ సవోలో అవునూ కాదూ రెండూ దొరకవు, మధ్యలోదే దొరుకుతుంది. దారి అడిగితే "అటు వెళ్తే వెళ్లొచ్చు" అంటారు. పెళ్లి చేసుకుందామా అని ఎస్కోని నేనే అడిగాను, వాడు అడిగేదాకా ఆగితే నా జుట్టు నెరిసిపోతుందని. "చేసుకోకూడదనేం లేదు" అన్నాడు. ఇరవై ఏళ్లు దాటింది, ఆ జవాబు మీదే కాపురం చేస్తున్నాను. మొగుడితో పరవాలేదు, సర్దుకుపోవచ్చు. బండి జబ్బు చెప్పాల్సిన డ్రైవరు కూడా అలాగే మాట్లాడితే మెకానిక్ ఏం కావాలి?

ఆ చలికాలం ఔలిస్ బెల్టు గోలతో నా దగ్గరికి రావడం అది మూడోసారి. క్రిస్మస్‌కి ముందు దారిలో బెల్టు తెగింది. పాత బెల్టు, దాని ఆయుష్షు తీరింది, కొత్తది వేసి పంపాను. కొత్త సంవత్సరం వచ్చిందో లేదో ఆ కొత్త బెల్టు అంచు పీచులు పీచులుగా లేచి, పుల్లీల మీంచి జారి పడిపోయింది. ఈసారి ఇంకో బెల్టుతో పాటు దాన్ని బిగించి పట్టే టెన్షనర్ కూడా మార్చాను. ఇక చచ్చినట్టు నడుస్తుందని మాట కూడా ఇచ్చాను. ఇప్పుడేమో పాడుతోందట.

ఇంజిన్ ముందు వైపు ఉండే ఆ ఒక్క బెల్టు మీదే అన్నీ ఆధారపడి ఉంటాయి. నీళ్ల పంపు తిరగాలన్నా, బ్యాటరీకి కరెంటు అందాలన్నా అదే తిప్పాలి. అది తెగితే డీజిల్ ఎంతున్నా బండి కదలకూడదు. కదిలిందంటే ఇంజిన్ ఉడికిపోతుంది.

"రంతాల ఏమన్నా అన్నాడా?" అని అడిగాను. రంతాల అంటే డెయిరీలో కొత్తగా వచ్చిన రూట్ల మేనేజరు. రెండుసార్లు బండి ఆగినప్పుడూ రూటు చివరి ఆవుల పాకల్లో పాలు ఉండిపోయాయి.

"మంచి మాటే అన్నాడు. పెద్దవాడివయ్యావు, కాస్త విశ్రాంతి తీసుకోకూడదా అన్నాడు."

"అంటే?"

"అంటే విశ్రాంతే."

అతన్ని కాఫీ దగ్గర కూర్చోబెట్టి నేనే రంతాలకి ఫోన్ చేశాను. కుర్రాడు దక్షిణాది వాడు, అడిగినదానికి సూటిగా చెప్పాడు. ఇంకొక్కసారి పాలు ఎత్తడం తప్పితే రూటు సిటీ కంపెనీకి వెళ్లిపోతుంది. యంత్రం తప్పని తేలితే ఇంకో అవకాశం ఇవ్వడానికి అతనికి వీలుంది. డ్రైవరు నిర్లక్ష్యమని తేలితే వీల్లేదు. అంతే. ఫోన్ పెట్టేశాక నాకు మనసు తేలికపడింది. చెప్పింది చెడ్డ కబురే కానీ, ఈ చుట్టుపక్కల కూడా మనిషిలా మాట్లాడేవాడు ఒకడైనా ఉన్నాడనిపించింది.

ఆ రూటు ఔలిస్‌కి వాళ్ల నాన్న నుంచి వచ్చింది. అప్పట్లో పాల క్యాన్లు గుర్రపు బండి మీద వెళ్లేవట. పెన్షన్‌కి ఇంకా కొన్నేళ్లుంది. ఈ వయసులో అతనికి ఇంకో ట్రక్కు స్టీరింగ్ ఎవరిస్తారు? అంతకన్నా పెద్ద సంగతి ఇంకోటుంది. సిటీ కంపెనీ వాళ్ల పొడవాటి బండ్లు చెరువు అవతల ఆవులు పెంచుకునే ఇర్మెలి ఇంటి సందులో తిరగవు. తిరగని చోటికి వాళ్లు రారు. ఔలిస్ బండి ఆగిందంటే ఇర్మెలి ఆవుల్ని అమ్ముకోవాల్సిందే. ఇవన్నీ నాకు తెలుసు. అందుకే చేతిలో స్పానర్ కూడా ఆ రోజు బరువుగా ఉంది.

"బండి లోపలికి పెట్టు," అన్నాను.

క్యాబిన్ ఎత్తి ముందుకు వంచాం. లోపల ఇంజిన్ అద్దంలా మెరిసిపోతోంది. ఇంత శుభ్రమైన బండి నా షెడ్డుకి ఇంకోటి రాదు. మనిషి శుభ్రం, బండి శుభ్రం, మాట ఒక్కటే మసక.

బెల్టు చేసే చప్పుడుని బట్టి దాని జబ్బు చెప్పొచ్చు. సాగదీసి కీచుమని అరిస్తే జారుతోందని అర్థం, బిగువు చాల్లేదు. పిచ్చుకలా ఆగి ఆగి కిచకిచలాడితే పుల్లీలు ఒక వరుసలో లేవు. కింద నుంచి గరగర వస్తే అసలు బెల్టుది కాదు, బేరింగుది. అనుమానం వస్తే కాసిని నీళ్లు చల్లి చూస్తాం. కిచకిచ అయితే నోరు మూసుకుంటుంది, కీచు అయితే ఇంకా పెద్దగా అరుస్తుంది. ఇంతే విద్య. కానీ అరవని బెల్టు మీద నీళ్లు చల్లి నేనేం కనిపెట్టను? అయినా చల్లాను. అప్పటికే బెల్టు చెమ్మగా ఉంది. బయట మంచు పడుతోంది కదా, అదే అనుకున్నాను.

పుల్లీల మీద ఇనుప పట్టీ ఆనించి చూశాను. గీత గీసినట్టు ఒకే వరుసలో ఉన్నాయి. బెల్టు తీసి, ఒక్కో పుల్లీని చేత్తో తిప్పి చూశాను. ఏదీ గరగరలాడలేదు, ఏదీ ఊగలేదు. అన్నీ బడికి వచ్చిన కొత్త పిల్లల్లా బుద్ధిగా తిరిగాయి. టెన్షనర్ నేను వేసిందే, అదీ బుద్ధిమంతురాలే.

"పెద్దాయనా, ఎలా పాడుతుందో ఒక్కసారి చేసి చూపించు."

"ఎవరు, నేనా?"

"నువ్వే. కీచుమంటుందా, కిచకిచమంటుందా, గరగరమంటుందా? నోటితో చెయ్యి."

ఔలిస్ చెవులు ఎర్రబడ్డాయి. "నేను చర్చిలోనే నోరు విప్పను అమ్మాయ్. నీ షెడ్డులో విప్పుతానా?"

"సిగ్గేంటి? ఇక్కడ నువ్వూ నేనే కదా ఉన్నాం."

"అదే కదా."

"పోనీ సన్నగా ఉంటుందా, లావుగా ఉంటుందా? అదైనా చెప్పు."

"మధ్యస్తం."

స్పానర్ బల్ల మీద పడేసి పెరట్లోకి వెళ్లాను. మంచులో నిలబడి నాలుగు మాటలు గట్టిగా అనుకుని లోపలికి వచ్చాను. పడమటి మైదానపు మాటలు అవి, ఇక్కడ రాయను. పాడుతోందో, పాడైపోతోందో చెప్పలేని మనిషితో నేను వేగలేకపోతున్నాను. అలాగని వదిలేయడానికీ లేదు. అతని రూటు పోతే ఊరంతా ఏమనుకుంటుంది? ఆ పడమటి ఆవిడ మూడుసార్లు చూసి కూడా ఒక బెల్టుని కనిపెట్టలేకపోయిందనుకుంటుంది. పైకి ఎవరూ అనరు. ఇక్కడ ఎవరూ ఏదీ పైకి అనరు, అదే నా బాధ.

ఏమీ దొరక్కపోయినా చేతులు ఊరుకోక ఇంకో కొత్త బెల్టు ఎక్కించాను. వెళ్తూ వెళ్తూ ఔలిస్ బల్ల మీద ఒక గుడ్డ మూట పెట్టాడు. వాళ్లావిడ హిల్క చేసిన కలకుక్కో అది, అంటే చేపలు లోపల పెట్టి కాల్చిన నల్ల రొట్టె. బండి వచ్చిన ప్రతిసారీ అదొకటి వస్తుంది. అంత రుచైన తిండి తింటూ అంత చిరాకు పడ్డ మనిషి ఈ భూమ్మీద నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఆ గురువారం మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"సైలా," అన్నాడు ఔలిస్. "పాడుతోంది."

"ఎక్కడున్నావు?"

"దారిలో."

"ఏ దారిలో?"

"రోజూ వెళ్లే దారే."

"ఔలిస్, నీ చుట్టూ ఏం కనిపిస్తోందో చెప్పు. నీ అభిప్రాయాలు నాకొద్దు. కనిపించేవి చెప్పు."

"బస్ స్టాపు ఉంది. చెరువుంది. ఒక పెద్దావిడ కూడా ఉంది, బస్సు కోసం అనుకుంటా."

చెరువు అంచు బస్ స్టాపు. అంటే ఇర్మెలి ఇంటికి ఇంకా కాస్త దూరం ఉంది. "ఇర్మెలి పాలు ఎత్తావా?"

"ఎత్తాలి."

"ఆమె ట్యాంకు నిండిందా?"

"నిండకపోతే ఆశ్చర్యమే."

రెండు రోజులకోసారి పాలు ఎత్తే ఇల్లు అది. సాయంత్రం పాలు పితికేలోపు ట్యాంకు ఖాళీ కాకపోతే కొత్త పాలు పొయ్యడానికి చోటుండదు, మురుగులో పొయ్యాల్సిందే. ఇక రంతాలకి మూడోది దొరికినట్టే. ఔలిస్‌కి విశ్రాంతి దొరికినట్టే.

"ఇంజిన్ నడుస్తోందా?"

"నడుస్తోంది."

"ఫోన్ బండి దగ్గర పెట్టు, నేను వింటాను."

పెట్టాడు. గాలి, ఇంజిన్ మోత, అంతే. ఆ ఫోన్ ఎప్పటిదో, సన్న శబ్దం ఏదీ అందులోంచి రావట్లేదు. "వినబడట్లేదు. ఇక తప్పదు పెద్దాయనా, నువ్వే చెయ్యాలి. నేను ఏ సామాను వేసుకుని బయల్దేరాలో నీ నోటి మీదే ఆధారపడి ఉంది. తప్పు సామానుతో వస్తే మళ్లీ వెనక్కి వెళ్లి రావాలి, ఈలోపు ఇర్మెలి ఆవులు ఆగవు."

అటు నుంచి గొంతు సవరించుకున్న చప్పుడు వచ్చింది.

ఆ తర్వాత ఔలిస్ తిర్కోనెన్ పాడాడు. ముందు "కిర్, కిర్, కిర్" అన్నాడు మెల్లగా. తర్వాత దాని కిందే గొంతులోంచి "గర్ర్ర్ర్" అన్నాడు. ఆ గరగర మీద మళ్లీ పైకి లేచి "కీఈఈ" అని సాగదీసి టక్కున ఆపాడు. ఎంత శ్రద్ధగా చేశాడంటే, నడుమ ఇంజిన్ తడబడే చోటు కూడా వదల్లేదు. ఆ బస్ స్టాపులో పెద్దావిడ ఏమనుకుందో ఏమో.

"మళ్లీ చెయ్యాలా?" అన్నాడు చచ్చిన గొంతుతో.

"అక్కర్లేదు," అన్నాను. అక్కర్లేదు నిజంగానే. గరగర ముందొచ్చింది, కీచు తర్వాతొచ్చింది. బెల్టు తప్పేం లేదు. బెల్టుకి దారి చూపే ఉత్త పుల్లీ ఒకటుంటుంది, దాని బేరింగు చచ్చిపోతోంది. అది బిగుసుకున్నప్పుడల్లా బెల్టు దాని మీద ఈడ్చుకుంటూ వెళ్తోంది. ఈ పాట మొన్న షెడ్డులో చేసి చూపించి ఉంటే ఈపాటికి ఇద్దరం కాఫీ తాగుతుండేవాళ్లం. "ఇంజిన్ ఆపు. దేన్నీ ముట్టుకోకు. వస్తున్నా."

"నువ్వొచ్చేలోపు కాస్త తుడిచి ఉంచనా?"

"వద్దు. దేన్నీ ముట్టుకోవద్దంటే ముట్టుకోవద్దనే."

మంచు దారిలో వ్యాను తోలుకుంటూ వెళ్తుంటే నాకు ఒకటే మథనం. మొన్నే కదా ఆ పుల్లీని నా చేత్తో తిప్పాను. నున్నగా తిరిగింది. రెండు రోజుల్లో చచ్చిపోయేంత జబ్బు ఉంటే వేలికి తగలదా? నా వేళ్లు మొద్దుబారిపోయాయా అని భయమేసింది.

బస్ స్టాపులో పెద్దావిడ వెళ్లిపోయింది. ఔలిస్ బండి పక్కన టోపీ చెవుల మీదకి లాక్కుని నిలబడి ఉన్నాడు. చలి ముక్కులో వెంట్రుకలు గడ్డకట్టేలా ఉంది. క్యాబిన్ ఎత్తాం. టార్చి వేసి చూశాను, చూస్తూ ఉండిపోయాను.

ఆ ఇంజిన్ మురికిగా ఉండటం నేను చూడటం అదే మొదటిసారి. ఆ మురికిలో అంతా రాసినట్టుంది. ఉత్త పుల్లీ నడుమ నుంచి తుప్పు రంగు చారలు సూర్యుడి కిరణాల్లా చుట్టూ చిమ్మి ఉన్నాయి. బెల్టు రబ్బరు నల్ల పొడిగా రాలి ఉంది. అంతవరకు సరే. కానీ టెన్షనర్ పుల్లీ నడుమ కూడా అవే తుప్పు చారలున్నాయి. కొత్త సంవత్సరం తర్వాత నేను కొత్తది వేశాను దాన్ని. కొత్త బేరింగు లోపల తుప్పు ఎందుకు పడుతుంది? గ్రీజు కడుక్కుపోయి, లోపలికి నీళ్లు వెళ్తేనే పడుతుంది. నీళ్లు ఊరికే వెళ్లవు. గట్టిగా కొట్టాలి.

"ఔలిస్, ఇంజిన్‌లోకి నీళ్లెలా వచ్చాయి?"

"వచ్చుంటాయి."

"ఎలా వచ్చాయి?"

"గొట్టంలోంచి."

"ఏ గొట్టం?"

"డెయిరీలో ట్యాంకు కడిగే గొట్టం ఉంటుంది కదా, వేడినీళ్లది. బాగా పోతుంది దానికి."

"ఏం పోతుంది?"

"మురికి."

నేను టార్చి దించాను. "నువ్వు ఆ గొట్టంతో ఇంజిన్ కడుగుతున్నావా? క్యాబిన్ ఎత్తి?"

"ఎత్తకపోతే ఎలా కడుగుతాం?"

"ఎప్పుడెప్పుడు?"

"ఎప్పుడూ కాదు. నీ దగ్గరికి వచ్చే ముందే."

"నా దగ్గరికి వచ్చే ముందు ఎందుకు?"

ఔలిస్ నన్ను చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తే. అందరికీ తెలిసిన సంగతి అడుగుతావేంటి అన్నట్టు చూశాడు. "నీ తలుపు మీద బోర్డుంది కదా," అన్నాడు.

బోర్డుంది. మురికి బండి లోపలికి రాదు అని, ఎర్ర రంగుతో, నా చేతి రాతతో. ఎవడో కలప బండివాడు అడవి బురదంతా నా నేల మీద దించి పోయాడని కోపమొచ్చి రాశాను. చక్రాలు దులుపుకుని రమ్మని దాని అర్థం.

"బోర్డు చక్రాలకి, ఔలిస్."

"చక్రాలని లేదు. బండి అని ఉంది. నువ్వు మొదట చూసేది ఇంజినే కదా, అందుకే దాన్ని ఇంకాస్త బాగా కడిగాను."

అక్కడికక్కడే అన్నీ తేలిపోయాయి. మొదటిసారి బెల్టు తన చావు తాను చచ్చింది. బాగు చేయించడానికి ఇంకో బండికి కట్టి ఈడ్పించుకుని వస్తూ, డెయిరీలో ఆపించి మర్యాదకి ఇంజిన్ కడిగాడు, బేరింగుల్లోకి నీళ్లు పోయాయి. రెండోసారీ అలాగే కడిగాడు. మూడోసారి బండి పాడుతోందని బయల్దేరి, దారిలో డెయిరీలో ఆగి కడిగాడు. తడి బెల్టు నోరు మూసుకుంది. నీళ్లు నిండిన బేరింగు కాసేపు నున్నగా తిరిగింది. తుప్పు చారలన్నీ గొట్టం నీళ్లకి కొట్టుకుపోయాయి. బాగు చేయించుకోవడానికి ఎంత తిరిగితే అంత పాడయింది ఆ బండి. నేను పాత జబ్బుకి మందు వేస్తుంటే, నా బోర్డు కొత్త జబ్బు అంటిస్తూ కూర్చుంది.

గట్టిగా తిడదామని నోరు తెరిచాను. ఎవర్ని తిట్టాలో తెలియలేదు. "ఒక్కమాట చెప్పొచ్చు కదా కడిగానని," అన్నాను చివరికి.

"నువ్వు అడగలేదు."

"అడిగినవాటికి మాత్రం చెప్పావా?"

"అవి కష్టమైన ప్రశ్నలు," అన్నాడు.

చేతి తొడుగులు తీస్తే వేళ్లు ఇనుముకి అంటుకుంటాయి, ఉంచుకుంటే బోల్టు దొరకదు. ఒక చేయి తొడుగులో, ఒక చేయి బయట, మార్చుకుంటూ పని చేశాను. ఉత్త పుల్లీ కొత్తది వేశాను. టెన్షనర్ కూడా వ్యానులో ఒకటి తెచ్చాను, అదీ మార్చాను. నీళ్ల పంపు బేరింగూ, బ్యాటరీకి కరెంటు ఇచ్చే ఆల్టర్నేటర్ బేరింగూ కూడా అవే నీళ్లు తాగి ఉంటాయి, వాటిని ఇక్కడ మార్చలేను. ఔలిస్ టార్చి పట్టుకున్నాడు. వెలుగు మాత్రం సరిగ్గా పడాల్సిన చోటే పట్టాడు, ఆ మాట ఒప్పుకోవాలి. అప్పటికే చెరువు మీద పొద్దు వాలిపోయింది.

వ్యాను అక్కడే వదిలేసి నేనూ ట్యాంకరు ఎక్కాను, దారిలో ఇంకేదైనా గరగరలాడితే వినాలని. నేను వింటున్నాను. అతనేమో వింటున్న నన్ను చూస్తున్నాడు. ఇంజిన్ పాడలేదు.

ఇర్మెలి ఇంటి సందు తిరిగేసరికి పాకలో ఆవులు గోల గోలగా అరుస్తున్నాయి. పొదుగులు బరువెక్కి ఉన్నాయి. పాలు పితికే వేళ దాటిపోయింది, ఇర్మెలి ఇంకా మొదలుపెట్టలేదు. పాక గుమ్మంలో నిలబడి ఉంది, లావుపాటి ఆడమనిషి, చేతులు కట్టుకుని.

"వచ్చావా?" అంది ఔలిస్‌తో.

"వచ్చినట్టే ఉంది," అన్నాడు ఔలిస్.

పలకరింపు అయిపోయింది. అతను గొట్టం తగిలించి పాలు లాగుతుంటే, ఆమె మిషన్లు ఆవులకి తగిలించింది. ఆవులు ఒక్కొక్కటే నోరు మూసుకున్నాయి. నేను వంటింట్లో పొయ్యి పక్కన కూర్చుని వేళ్లు కాచుకున్నాను. పని ముగించుకుని ఇద్దరూ లోపలికి వచ్చి కూర్చున్నారో లేదో, ఇర్మెలి ఫోన్ మోగింది. రంతాల. ఇర్మెలికి చెవి కాస్త మందం, స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచింది.

"బండి మళ్లీ ఆగిందని తెలిసింది," అన్నాడు రంతాల. "మీ పాలు వేళకి ఎత్తాడా?"

"ట్యాంకు ఖాళీగా ఉంది," అంది ఇర్మెలి.

"నేనడిగింది వేళకి ఎత్తాడా అని. సాయంత్రం పాలు పితకడానికి ముందా, తర్వాతా?"

"ముందే ఎత్తాడు. అతనొచ్చేదాకా నేను మొదలుపెట్టనే లేదు."

అటు వైపు కాగితాలు తిరగేసిన చప్పుడైంది. "అది లెక్కలోకి వస్తుందో లేదో చూడాలి," అన్నాడు. "మెకానిక్ సైలా గారు అక్కడే ఉన్నారని విన్నాను. ఉన్నారా?"

ఇర్మెలి నా వైపు చూసింది. నేను ఫోన్ వైపు వంగాను.

"సైలా గారూ, మీరు సూటిగా మాట్లాడే మనిషి, అందుకే మిమ్మల్నే అడుగుతున్నాను. ఇది యంత్రం తప్పా, డ్రైవరు తప్పా?"

నా దగ్గర సూటి జవాబు ఉంది. మా ఊళ్లో ఎలా పెంచారో అలాగే నాలుక చివర నిలబడి ఉంది. గొట్టంతో ఇంజిన్ కడిగాడు, బేరింగులు చచ్చాయి. నాలుగు మాటల్లో అయిపోతుంది. అది నిజం కూడా. ఔలిస్ బల్ల మీద టోపీ పెట్టుకుని దాని అంచుని వేలితో సరిచేస్తున్నాడు. నన్ను ఏమీ అడగలేదు. చూడను కూడా చూడలేదు. ఇర్మెలి పాలగిన్నె మూత తుడుస్తోంది, అప్పటికే తుడిచిన మూతని.

"అంటే," అన్నాను. "బేరింగు పోయింది."

"దేనివల్ల పోయింది?"

"చలి ఉంది కదా. తేమ కూడా ఉంది."

"డ్రైవరు నిర్లక్ష్యం లేదంటారా?"

"బండిని ఇంత శుభ్రంగా ఉంచే మనిషిని నేను చూళ్లేదు," అన్నాను. అదీ నిజమే.

రంతాల నిట్టూర్చాడు. పాపం, ఆ నిట్టూర్పు నాకు బాగా తెలుసు, ఇన్నేళ్లుగా నేను వదులుతున్నదే అది. "మీరు కూడానా, సైలా గారూ," అన్నాడు. "సరే. యంత్రం తప్పని రాసుకోనా?"

మా ఆయన ఎస్కో గుర్తొచ్చాడు.

"రాసుకోకూడదనేం లేదు," అన్నాను.

ఫోన్ ఆగిపోయింది. ఇర్మెలి అడక్కుండానే నా కప్పులో కాఫీ నింపింది, దాల్చినచెక్క బన్ను కూడా ముందుకు తోసింది. అబద్ధం ఒక్కటి కూడా ఆడలేదు, అయినా ఊరి చెరువంత అబద్ధం ఆడినట్టుంది. ఇక్కడివాళ్లు రోజూ ఇది ఎలా చేస్తారో, పనంతా అయ్యాక రాత్రి ఎలా నిద్రపోతారో నాకు అర్థం కాలేదు.

నా వ్యాను దాకా ఔలిస్ దింపాడు. నేను తలుపు తెరుస్తుంటే ఇంజిన్ ఆపేశాడు.

"సైలా," అన్నాడు. "నేనే పాడుచేశాను ఆ బండిని. తప్పు నాది."

ఇన్నేళ్లలో అతని నోట ఒక్క సూటి మాట నేను వినడం అదే మొదలు. అదే ఆఖరు కూడా. నాకు ఒళ్లు మండింది. ఈ మనిషికి మాట్లాడ్డం వచ్చు, మొదటినుంచీ వచ్చు. "సగం నాది," అన్నాను. "మళ్లీ కడిగావంటే మాత్రం మొత్తం నీదే. ఇక కడగనని చెప్పు."

"కడగాల్సిన పనేముంది," అన్నాడు.

"అలా కాదు. కడగను అను."

"అన్నట్టే అనుకో."

ఇంటికి వెళ్లగానే బోర్డు పీకి పొయ్యిలో పెట్టాను. పంపూ, ఆల్టర్నేటరూ ఆ వారమే మార్చాను. రూటు ఔలిస్ దగ్గరే ఉంది, ఆవులు ఇర్మెలి దగ్గరే ఉన్నాయి. బోర్డు పోయిందని తెలిసి చుట్టుపక్కల ప్రతి బండివాడూ అడవి బురదంతా తెచ్చి నా నేల మీదే దింపుతున్నాడు. రోజూ పారతో ఎత్తి పోసుకుంటున్నాను, ఎవర్నీ ఏమీ అనలేను.

ఔలిస్ బండి కూడా ఇప్పుడు మురికిగానే వస్తుంది, చూస్తే చాలు ఏం జబ్బో తెలిసిపోతుంది. అతను మాత్రం దిగి, షెడ్డు గుమ్మం దగ్గర బూట్లు విప్పేసి, ఆ గ్రీజు నేల మీద ఉన్ని సాక్సులతో నడిచి లోపలికి వస్తాడు.